డిక్కీ మీద ఏ పేరుండాలి?

మా మామగారి ఫియట్ కారు 1967 నాటిది. ఆయన పోయాక పదకొండేళ్లు విజయవాడ ఇంటి షెడ్డులోనే పడి ఉంది. ఇప్పుడు మా అబ్బాయి దాన్ని మళ్లీ మొదట్లో ఎలా ఉండేదో అలా చేస్తానని పూనుకున్నాడు. ఇంజన్ తిరిగింది, టింకరింగ్ అయిపోయింది. గొడవంతా డిక్కీ మీద కారు పేరుండే లోహపు బిళ్ల, అదే మోనోగ్రామ్, దగ్గర మొదలైంది. బండేమో ఫియట్ 1100 డిలైట్, డిక్కీ మీద మాత్రం 'ప్రీమియర్ పద్మిని' అని ఉంది. మామగారే 1977లో ఆటోనగర్‌కి తీసుకెళ్లి మార్పించారు. అది తీసేయాల్సిందేనని మావాడు, చెయ్యేస్తే ఊరుకోనని వాడి మేనమామ. మొన్న ఆదివారం షెడ్డులో స్టూలు వేసుకుని ఇద్దరి వాదనా విన్నాను. నాకు ఓటు లేదని ముందే చెప్పారు.

అల్లుడు: మామయ్యా, ఈ బండి బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో 1967లో తయారైంది. పద్మిని అన్న పేరు వచ్చిందే 1974లో. అప్పటికి పుట్టని పేరు దీని మీద ఎందుకు?

మామ: నువ్వు పుట్టిన ఇరవై ఒకటో రోజు దాకా నిన్ను చిట్టి అనే పిలిచాం. అదే నీ అసలు పేరని ఆధార్‌లో మార్పించుకుంటావా?

అల్లుడు: జోకులొద్దు. తాతయ్య ఎందుకు మార్చాడో నీకు తెలుసు.

మామ: తెలుసు కాబట్టే వద్దంటున్నా. ఎదురింటి కాంట్రాక్టర్ కొత్త పద్మిని కొన్నాడు. నాన్న వెళ్లి చుట్టూ తిరిగి చూశాడు. చూపుకి మన బండే, లోపల అదే 1089 సీసీ ఇంజన్. ఇటలీ వాళ్లు ఆ మోడల్‌ని 1966లోనే ఆపేశారు, మనవాళ్లు మాత్రం పేర్లు మార్చుకుంటూ అమ్మారు. ముందు డిలైట్, 1972లో ప్రెసిడెంట్, రెండేళ్లకి పద్మిని. కంపెనీ వాడు పేరు మార్చి కొత్త కారంటే ఒప్పుకున్నారు, అదే పని మా నాన్న చేస్తే తప్పైందా?

అల్లుడు: తప్పనలేదు. ఇది చూడు, వేలు పెట్టు. మోనోగ్రామ్ విప్పి పెయింటు గీకితే పుట్టీ కింద రెండు చిల్లులు బయటపడ్డాయి. అంచులు ఎంత నున్నగా ఉన్నాయో చూశావా? ఫ్యాక్టరీలో పంచ్ కొట్టినవి. ఇక పద్మిని కోసం వేసినవి చూడు. డ్రిల్లు కూడా కాదు, మేకు పెట్టి సుత్తితో కొట్టారు. రేకు లోపలికి ముడుచుకుపోయింది, అక్కడ నీళ్లు నిలిచి డిక్కీ లోపల అరచేయంత తుప్పు. అసలు మోనోగ్రామ్ ఎక్కడ ఉండాలో బండే చెబుతోంది.

(ఆ చిల్లుల్లో నేనూ వేలు పెట్టి చూశాను. మావాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మేకు చిల్లు దగ్గర కొద్దిగా గీసుకుంది కూడా.)

మామ: సరే, తీశావనుకో. అక్కడ పెట్టడానికి నీ దగ్గర ఏముంది?

అల్లుడు: వెతుకుతున్నా.

మామ: ఎనిమిది నెలల నుంచీనా?

అల్లుడు: చెన్నైలో పాత బండి సామాన్లమ్మే పుదుపేట వెళ్లాను. ఒక షాపులో గోనెసంచి కుమ్మరించి ఏరుకోమన్నాడు. అన్నీ పద్మినివే. ఇది 67 బండి అంటే, 'ఫియట్టే కదా సార్, ఏ సంవత్సరమైనా ఒకటే' అన్నాడు. ముంబై చోర్ బజార్‌లోనూ అదే వరస. అక్కడ టాక్సీలన్నీ పద్మినీలేగా, ఆ తుక్కంతా తర్వాతి కాలానిదే. ఆఖరి టాక్సీ కూడా 2023 అక్టోబర్‌తో రోడ్డు దిగిపోయింది.

మామ: ఇటలీ నుంచి తెప్పిస్తానన్నావుగా?

అల్లుడు: ఆలోచించి మానేశాను. మన డిలైట్‌కి మూలమైన అక్కడి 1100డి ఇంజనే వేరు, 1221 సీసీ. వాళ్ల బీడింగులూ (బాడీకి తగిలించే మెరుపు పట్టీలు) మోనోగ్రాములూ మనవాటితో కలుస్తాయన్న నమ్మకం లేదు. కుర్లా బండికి ఇటలీ ముక్క తగిలిస్తే పద్మిని పెట్టినట్టే, పైగా కస్టమ్స్ కట్టి మరీ.

మామ: అంటే ఇటలీదీ తప్పే, పుదుపేటదీ తప్పే. సరైనది ఎలా ఉంటుందో నీకెలా తెలుసు మరి?

అల్లుడు: నాలాంటి పిచ్చివాళ్లు ఇంకా ఉన్నారు. ఒకాయన దగ్గర అప్పటి పార్ట్స్ కేటలాగ్ ఉంది, బొమ్మా నంబరూ ఉన్నాయి. మన ఇంట్లో ఫోటోలూ చూశాను. నీ అక్షరాభ్యాసం ఫోటోలో బండి వెనక భాగం పడింది.

మామ: పడిందిగా, కనిపించిందా?

అల్లుడు: ...బంతిపూల దండ అడ్డమొచ్చింది.

(ఇక్కడ బావమరిది నవ్వు షెడ్డు దాటి వీధిలోకి వినిపించింది. నేనూ ఆపుకోలేకపోయాను. మావాడు మాత్రం నవ్వలేదు. పక్క బీడింగు ఎన్ని అంగుళాలో ఆ ఫోటో మీద భూతద్దం పెట్టి లెక్క కట్టాడట, దానికి చక్రం వ్యాసాన్ని కొలతగా తీసుకున్నాడట. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది.)

మామ: దొరక్కపోతే పోత పోయిస్తావా?

అల్లుడు: పోయిస్తా. కేటలాగ్ బొమ్మ కొలతల్తో ఇత్తడిలో పోత పోయించి, పైన క్రోమ్ ప్లేటింగ్ వేయిస్తా.

మామ: మరి అది 1967దా, 2025దా? నాన్న పెట్టింది నకిలీ అంటున్నావు. కనీసం అది కంపెనీ ముక్క, డబ్బులిచ్చి కొన్నది. నువ్వు పెట్టేది నిన్న పోసిన ఇత్తడి. దానికన్నా చిలకలపూడి పంపించి రోల్డ్‌గోల్డ్ వేయించు, మీ అమ్మ కూడా సంతోషిస్తుంది.

అల్లుడు: ఇత్తడిదని లోపలివైపు సంవత్సరం చెక్కిస్తాను, ఎవర్నీ మోసం చేయను. అయినా దాని అక్షరాలు నిజం చెబుతాయి. నీది కంపెనీ ముక్కే కానీ అబద్ధం చెబుతోంది.

(ఈ మాటకి మామ కాసేపు మాట్లాడలేదు. ఆ రోజు అల్లుడి వైపు నుంచి పడిన మంచి దెబ్బ ఇదొక్కటేనని నా లెక్క.)

మామ: ఆ పద్మిని ఒకసారి ఇలా ఇవ్వు. 'పి' అక్షరం పక్కన సందు చూడు. ఎర్రగా ఉందే, అది తుప్పనుకున్నావా?

అల్లుడు: కాదు, కుంకుమ.

మామ: ప్రతి దసరాకి మీ అమ్మమ్మ ఈ అక్షరాల మీదే బొట్టు పెట్టేది. బానెట్ మీద పెడితే పెయింటు పాడవుతుందని నాన్న తిట్టేవాడు. ముప్పై ఏళ్ల బొట్లు ఇవి. నువ్వు చెప్పే ఫ్యాక్టరీ మోనోగ్రామ్‌కి ఒక్క దసరా కూడా గుర్తులేదు నాకు.

అల్లుడు: నేను దాన్ని పారేస్తానన్నానా? ఫ్రేము కట్టించి హాల్లో పెడదాం.

మామ: బండి షెడ్డులో, బొట్టు హాల్లోనా?

అల్లుడు: మరి తాతయ్య స్టీరింగ్‌కి ప్లాస్టిక్ పూసల తొడుగు వేశాడు, వెనక అద్దానికి తల ఊపే కుక్కబొమ్మ పెట్టాడు. అవీ ఉంచాలా? ఎక్కడ ఆపాలి?

మామ: నువ్వు ప్లేటింగ్ చేయించకముందే ఆగుంటే బాగుండేదనిపించింది నాకు. ముందు గ్రిల్లు దగ్గరి ముక్క ఏమైందో మీ నాన్నకి చెప్పు.

చెప్పాల్సిన కథే అది. ఆ కాలం మోనోగ్రాములు చాలావరకు జింకు కలిసిన పోత లోహంతో చేసినవి. ఇనప బంపర్‌ని ముంచినట్టు వాటిని యాసిడ్‌లో ముంచితే లోహమే కరిగిపోతుంది. పాత క్రోమ్ జాగ్రత్తగా తీసి, గుంటలు పడ్డచోట నింపి, ముందు రాగి, దాని మీద నికెల్, ఆఖర్న క్రోమ్ వేయాలి. మావాడు ఇచ్చిన ప్లేటింగ్ షాపు కుర్రాడు బంపర్లతో పాటు తొట్టిలో వేసేశాడు. తిరిగొచ్చిన ముక్క అప్పడంలా పల్చబడి, వెనక పిన్నుల్లో ఒకటి లేకుండా వచ్చింది. మావాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు బీడింగులకి మాత్రం ప్లేటింగే అక్కర్లేదు, బఫింగ్ చేస్తే అద్దంలా వచ్చాయి.

అల్లుడు: అది నా తప్పే. అందుకే పద్మినిని ఎవరికీ ఇవ్వలేదు. కుంకుమ కూడా తుడవలేదు, గమనించావా?

మామ: గమనించాను.

అల్లుడు: ఇంకోటి. 2021లో కేంద్రం పాత బండ్లకి రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంటే వింటేజ్ అని ప్రత్యేకంగా 'వీఏ' నంబరు ఇస్తారు. ఆర్‌సీలో ఫియట్ అనుంది, బండి మీద పద్మిని అనుంటే ఆఫీసులో ఏం చెప్పాలి?

మామ: ఆ రూల్ నేనూ చదివాను. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదన్నారు. మోనోగ్రామ్ ఊసెత్తలేదు. పైగా ఆ నంబరు తీసుకుంటే బండిని ఎగ్జిబిషన్‌కీ ర్యాలీకీ తప్ప రోజువారీగా నడపకూడదు. నాన్న దీన్లో కూరగాయల మార్కెట్‌కి వెళ్లేవాడురా.

అల్లుడు: పద్మిని అని రాసున్నా వీధిలో అందరూ ఫియట్ కారనేగా అనేవాళ్లు?

మామ: అనేవాళ్లు. నాన్న ఒక్కడే పద్మిని అనేవాడు.

అక్కడితో ఇద్దరూ టీ తాగడానికి లోపలికి వెళ్లారు. డిక్కీకి నాలుగు చిల్లులూ అలాగే ఉన్నాయి, వాన పడుతుందేమోనని నేనే టేపు అంటించాను. పెయింటర్ సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు, ఏ రెండు మూసేయాలి సార్ అని. ముందు బానెట్ పని చూడవయ్యా అన్నాను.