నీరు పోసినవాడు మేత వేయడా?

ఇంట్లో అక్వేరియం పెట్టదలచిన గృహస్థు దేనికీ తొందరపడడు. ఈశాన్యమా, ఉత్తరమా అని వాస్తు పండితుణ్ని అడుగుతాడు. బంగారు రంగువి ఎనిమిది, నల్లది ఒకటి అని లెక్క రాయించుకుంటాడు. అడుగున పరిచే రాళ్ల రంగు, బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి, అన్నీ కుటుంబ సమేతంగా ఖరారవుతాయి. ఇక మేత సంగతి వచ్చేసరికి బయట ఆటో ఆగి ఉంటుంది కాబట్టి, "ఏదో ఒకటి ఇచ్చేయండి" అంటాడు.

ఆ ఏదో ఒకటి ఏమిటో మీకూ తెలుసు. పేరూ తేదీ లేని కవరులో నారింజ రంగు గుళికలు. మొన్న ఒక దుకాణంలో "ఇది ఏ చేపలకండీ?" అని అడిగాను. దుకాణదారు నన్ను జాలిగా చూసి, "చేపలకే సార్" అన్నాడు. ఇంతటి అద్వైతం ఆదిశంకరులకైనా పట్టుబడిందో లేదో!

గోల్డ్ ఫిష్‌కు కడుపు సంచే లేదు, ఉన్నదంతా పేగే. దానికి కొంచెం కొంచెంగా, ఆకు పదార్థం కలిసిన మేత వేయాలి. తొక్క తీసిన ఉడికించిన బఠాణీ అయినా సరే. ఫైటర్ చేపేమో థాయిలాండ్ వరి మళ్లలో పురుగులు పట్టి తిన్న జాతి, పక్కా మాంసాహారి. ఈ గుళిక నోట పట్టక అది ఉమ్మేస్తే, "మావాడికి రుచులెక్కువ" అని మురిసిపోతారు.

అసలు వైభవం ఆదివారం చుట్టాలు వచ్చినప్పుడు చూడాలి. మామగారు బిస్కెట్టు నలిపి వేస్తారు. మనవడు కారప్పూస వేస్తాడు. నోరులేని జీవాలు కదా అని బామ్మగారు నాలుగు పెరుగన్నం మెతుకులు వదులుతారు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలని అక్కడ ఎవరూ వినలేదు. మిగిలింది కుళ్లుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. ఊపిరాడక చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. "అయ్యో, ఎంత ఆకలో చూడండి!" అంటూ పిన్నిగారు ఇంకో గుప్పెడు వేస్తారు. అవి ఇంకా పెద్దగా నోళ్లు తెరుస్తాయి. బాబాయిగారు వీడియో తీస్తారు. తెల్లారేసరికి నల్లది వెల్లకిలా తేలుతుంది. ఇంటికి రావలసిన గండం చేప తీసుకుపోయిందని వాస్తు పండితుడు ఫోనులో తేల్చేస్తాడు. ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. సక్కర్ ఫిష్ దగ్గర నాకు నవ్వు రాదు. "దానికేమీ వేయనక్కర్లేదు సార్, మిగతా చేపల మురికి తిని బతుకుతుంది" అని చెప్పి అమ్ముతారు, మనం తలూపి కొంటాం. అబద్ధం. అది విసర్జన తినదు, నాచు తింటుంది. ఆ గాజుపెట్టె నాచు దానికి ఏ మూలకూ చాలదు. దీపం ఆర్పాక అడుగుకు మునిగే బిళ్లలు వేయాలి, కీరదోస ముక్క వేయాలి. ఎవరు వేస్తారు? దాని పొట్ట లోపలికి పోయిన సంగతి అద్దానికి కరుచుకున్నప్పుడు బయటినుంచి స్పష్టంగా కనబడుతుంది. అయినా చూడం. ఎందుకంటే మన మురికి తిని బతకడానికి ఎవరో ఒకరు పుట్టి ఉంటారని, వాళ్లకు వేరే తిండి పెట్టనక్కర్లేదని మనకు తరాలుగా గట్టి నమ్మకం. చేపల్లోనూ అలాంటిదాన్ని వెతికి పట్టుకున్నాం. సిగ్గుండాలి!

చావక మిగిలిందా, అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు జీవకారుణ్యం పొంగి, పసుపూ కుంకుమా చల్లి నదిలో వదులుతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ జాతి ఇప్పుడు కృష్ణలో జాలర్ల వలలు చింపుతోంది. ముళ్ల రెక్కల మధ్య చిక్కిన పోగులు ఒక్కొక్కటీ కోసి విడదీయాలి. పట్టినదాన్ని కొనే నాథుడు లేడు. వదిలినవారు మాత్రం పుణ్యం మూటగట్టుకుని, తిరుగు దారిలో కొత్త సక్కర్ ఫిష్ బేరమాడుతుంటారు.