నోమికాయ్ గారికి ఊలాంగ్ టీ తాగేవాడి విన్నపం

మహారాజరాజశ్రీ నోమికాయ్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారని తెలుసు. శుక్రవారం సాయంత్రం టోక్యోలో షింబాషి స్టేషన్ చుట్టూ మద్యం కొట్ల ఎర్ర లాంతర్లు వెలిగాక తమ వైభవం చూడని కళ్లూ కళ్లేనా! ఆఫీసు అయ్యాక అందరూ సరదాగా కలిసి తాగే ఆచారమని తమర్ని పరిచయం చేస్తారు గానీ, నన్నడిగితే తమరు అచ్చంగా ఓవర్‌టైమే. కాకపోతే జీతం రాదు సరికదా, మనమే ఎదురు కట్టాలి.

తమ దర్బారులో కాలు పెట్టగానే ఎవరో ఒకరు ప్రకటిస్తారు, "ఇవాళ బురేయ్‌కో!" అని. అంటే హోదాలు కూడా చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి రావాలన్నమాట. వినడానికి ఎంత హాయి! లోపలికి వచ్చి చూస్తే తలుపుకి దూరంగా, లోపలి మూలన బుచో గారు, అంటే మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన. అది కమిజా, పెద్దల పీట. తలుపు పక్కన కూర్చుని పళ్లేలు అందుకుంటూ, ఆర్డర్లు కేకేసి చెప్పేది ఏప్రిల్‌లో చేరిన కుర్రాడు. పెద్దాయనకు బీరు పోసేటప్పుడు సీసాకు రెండు చేతులూ పట్టాలి, లేబుల్ పైకి కనపడాలి. కంపాయ్ (మన చీర్స్) అన్నప్పుడు మన గ్లాసు అంచు ఆయన అంచుకంటే కాస్త కిందుండాలి. ఆయన మర్యాదకి తనదీ దించితే మనం ఇంకా దించాలి. ఈ వినయాల పోటీలో ఒకసారి రెండు గ్లాసులూ ఎదమామె (ఉడికించిన పచ్చి సోయా కాయల) పళ్లెం దాకా దిగిపోయాయి. ఇంతకీ గుమ్మం బయట విడిచిన హోదాలేవి స్వామీ? చెప్పులైతే అక్కడే ఉన్నాయి.

మూలనున్నాయన "తోరిఆయెజు బీరు" (ముందైతే బీరు) అంటే అందరికీ బీరే. నేను ఊలాంగ్ టీ అన్నానంటే బల్ల మీద ఒక నిమిషం సంతాపం పాటిస్తారు. ఇక ఎవరూ అడగకుండానే వచ్చే చిన్న గిన్నె ఓతోషి, అందులో ఉడికిన ముల్లంగి ముక్క, దానికీ బిల్లులో చోటు. చివర్న వారికన్, తలా సమానం. ఏడు గ్లాసులు లాగించినవాడికీ రెండు టీలు తాగినవాడికీ ఒకటే వాటా. (పెద్దాయన ఓ నోటు ఎక్కువ వేస్తాడు, కాదనను.) తమ దర్బారులో సమానత్వం కనిపించేది ఆ ఒక్క చోటే.

తమకు సర్కారు అండ ఉందనీ తెలుసు. 1980లో పన్నుల రాబడిలో 5 శాతం మద్యం నుంచి వస్తే, 2020కి అది 1.7 శాతానికి జారిందట. కంగారుపడిన జపాన్ జాతీయ పన్నుల శాఖ 2022లో "సాకే వివా!" అని పోటీ పెట్టి, కుర్రకారు చేత మళ్లీ తాగించే ఉపాయాలు చెప్పమని 20 నుంచి 39 ఏళ్ల వాళ్లనే అడిగింది. మా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వానికీ ఇంత కష్టం రాలేదు లెండి.

ఒకే ధరకి ఎంతైనా తాగే రెండు గంటల నోమిహోదాయ్ ముగిసి, అందరం లేచి ముగింపుగా ఒక్క చప్పట్టు కొట్టాక, బయట ఫుట్‌పాత్ మీద ఎవరూ కదలరు. నిజికాయ్‌కి, అంటే రెండో విడత పార్టీకి, ఎవరు రారో చూద్దామని ఒకర్నొకరు కాపలా కాస్తారు. ఆ సందులో జారుకుని నేను వెళ్లేది స్టేషన్ దగ్గరి తాచిగుయ్ సోబా కొట్టుకి, అంటే నిలబడే నూడుల్స్ తినే చోటికి.

అక్కడ మిషన్లో ఐదారు వందల యెన్లు వేసి, టికెట్టు బల్ల మీద పెడితే కొట్టావిడ ఒక్కటే అడుగుతుంది, "సోబానా, ఉదోనా?" (సోబా బక్‌వీట్ నూడుల్స్, ఉదోన్ లావాటి గోధుమ నూడుల్స్.) ముందే ఉడికించి పెట్టిన సోబాని జల్లెడలో వేసి మరిగే నీళ్లలో ముంచి, రెండు విదుపులు విదిల్చి, పైన నల్లటి పులుసు, దాని మీద కాకియాగె. అది మన ఉల్లి పకోడీకి దగ్గరి చుట్టం. అంచులు కరకరలాడుతుండగానే అడుగు నాని విడిపోతుంది. (శాకాహారులూ, పులుసులో కత్సువో చేప ఉంటుంది, జాగ్రత్త.) ఎడో కాలంలో (1603–1868) వీధి సోబా 16 మోన్లు, అంటే అప్పటి చిల్లర నాణేలు. నాణేలు లెక్కపెడుతూ ఎనిమిది దగ్గర ఆగి "గంటెంత?" అని అడిగి, "తొమ్మిది" అనగానే పది నుంచి అందుకుని ఒక మోన్ ఎగ్గొట్టిన ఘనుడి కథకి రకుగో (ఒక్కరే కూర్చుని చెప్పే హాస్యకథల) వేదికల దగ్గర ఇప్పటికీ నవ్వుతారు. మీ ఓతోషి ముందు వాడెంత!

మొన్న శుక్రవారం నా పక్కన నిలబడి బంగాళాదుంప కట్లెట్ వేసిన సోబా జుర్రుతున్నది ఎవరనుకున్నారు? బుచో గారే. ఆయనా నిజికాయ్‌కి ఎగనామం పెట్టారన్నమాట. మోచెయ్యి కాస్త జరిపి నాకు చోటిచ్చి, షిచిమి కారం డబ్బా నా వైపు తోశారు. ఎవరు ఎవరికి పొయ్యాలి, ఎవరి గిన్నె ఎంత ఎత్తులో ఉండాలి అన్న గొడవే లేదు. అసలు కుర్చీయే లేనిచోట పెద్ద కుర్చీ ఎక్కడినుంచి వస్తుంది? (ఈమధ్య ఈ కొట్లలోనూ స్టూళ్లు వేస్తున్నారు. ఆ అర్జీ విడిగా పెట్టుకుంటాను.)

కాబట్టి తమ దర్బారులోనూ ఆ కుర్చీలు తీసేయించమని ప్రార్థన. సోమవారం ఆఫీసులో బుచో గారూ నేనూ ఆ సోబా ఊసెత్తలేదు. తమరూ ఎత్తకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
తలుపు పక్క సీటు

తా.క.: వచ్చే నెల వీడ్కోలు పార్టీకి ఏర్పాట్లన్నీ నావేనట. ఎంతమంది వస్తారో బుధవారంలోగా చెప్పమని అందరికీ మెయిలు పెట్టాను. స్టాండింగ్ బార్ అని రాశాను. లోపలి మూల సీటు ఎవరికని అప్పుడే రెండు జవాబులొచ్చాయి.