మైలుకు 14 సెంట్ల రేటు గారికి

మహారాజశ్రీ 14 సెంట్ల గారికి,

అమెరికాలోని ఒక తెలుగు వాలంటీరు నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. సేవ కోసం కారు నడిపేవాళ్లకు పన్ను మినహాయింపుగా 1998లో ఎంత ఉన్నారో ఇప్పటికీ అంతే ఉన్నారు, ఒక్క సెంటు ఒళ్లు చేయలేదు. ఆ ఏడాది 32.5 సెంట్లుండే మీ అన్నగారు, అంటే వ్యాపారం పని మీద కారు నడిపేవాళ్ల బిజినెస్ రేటు, 2025కి 70 అయ్యారు. ఆయన బాగోగులు ఏటా ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ చూసుకుంటుంది. మిమ్మల్నేమో చట్టంలోనే అంకె వేసి బిగించేశారు. కదపాలంటే కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, కదలాలి. అంటే దీర్ఘాయుష్మంతులే.

ఆదివారం పిల్లలకు తెలుగు చెప్పడానికి రానూపోనూ 40 మైళ్లు. తమరి చలవ 5 డాలర్ల 60 సెంట్లు. అదీ పన్నులోంచి కాదు, ఆదాయంలోంచి తగ్గేది. 22 శాతం శ్లాబులో ఉన్నవాడికి మిగిలేది డాలరుంబావలా కూడా కాదు. టోలు, పార్కింగ్ వేరే రాసుకోవచ్చట, సంతోషం. చెప్పిన పాఠానికి మాత్రం విలువ సున్నా. ఆఫీసులో నా గంటకు బిల్లు వేస్తారు మరి!

యూనిఫాం ఖర్చు ఒప్పుకుంటారు గానీ అది మామూలుగా కట్టుకునే బట్ట కాకూడదు. మా తెలుగు అసోసియేషన్ వేడుకలో రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చోడానికి కొన్న పట్టుచీర అమెరికాలో మామూలు బట్ట ఎలా అవుతుందని మా ఆవిడ వాదన. ఐఆర్‌ఎస్‌తో తనే మాట్లాడుకుంటుందట.

ఉగాది పులిహోరకు కొన్న చింతపండు రశీదు దాచాను. అందులోనే మా ఇంటి కందిపప్పు, పిల్లల బిస్కెట్లు. ఏది సేవో ఏది సంసారమో గీత గీద్దామని తీసేసరికి కాగితం మీద అక్షరాలే వెలిసిపోయాయి. ఒక సేవకు పెట్టిన ఖర్చు 250 డాలర్లకు చేరితే సంస్థ నుంచి ఉత్తరం కూడా ఉండాలి, రిటర్ను వేసే ముందే. ఏం సేవ చేశానో, బదులుగా ఏమైనా ఇచ్చారో అందులో రాయాలి. అడిగితే మా అసోసియేషన్ పెద్దాయన, "కుర్చీలు సర్దినందుకు లెటరేంటి బాబూ? మిగిలిన సాంబారు పట్టుకెళ్లావుగా, అదీ రాయమంటావా?" అన్నారు.

ఇంతా చేసి, 2025లో దంపతులకు ఏ ఖర్చూ చూపకుండానే ఆదాయంలోంచి తగ్గించుకునే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. ఇంటి అప్పు వడ్డీ, రాష్ట్రం పన్ను, గుడి విరాళాలు అన్నీ కలిపినా అది దాటకపోతే తమరితో పనే లేదు. మాకు దాటలేదు.

అయినా వచ్చే ఏడాది మైలేజీ పుస్తకం సిద్ధం చేశాను. తేదీ, మైళ్లు, పని ఖాళీగా ఉంచాను. రేటు గడి మాత్రం చివరి పేజీ దాకా ముందే నింపేశాను.

ఇట్లు,
తమ విధేయుడు