తడిసిన మట్టికే పరీక్ష

అమరావతిలో సచివాలయ టవర్ల కోసం వేసిన రాఫ్ట్ పునాదులు (భవనం మొత్తం కింద పరిచే మందపాటి కాంక్రీటు పలకలు) 2019లో పనులు ఆగాక ఏళ్ల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పనులు మళ్లీ మొదలుపెట్టే ముందు, 2024లో ప్రభుత్వం ఐఐటీ నిపుణులతో వాటి పటిష్ఠతను పరీక్ష చేయించింది. అది సరైన నిర్ణయం. అదే జాగ్రత్త విజయవాడ, గుంటూరుల్లో కట్టే ఐదంతస్తుల అపార్టుమెంటుకూ దక్కాలి.

కాలమ్స్‌కి స్టీలు దండిగా వేయించామని చెప్పే బిల్డర్‌ను కింద మట్టి ఎలాంటిదని అడిగితే ఎస్‌బీసీ (మట్టి భద్రంగా మోయగల బరువు) అంకె ఒకటి చెబుతారు. అది ఎలా వచ్చిందో కొనేవాళ్లు అడగరు. పక్క సైట్ మట్టి పరీక్ష రిపోర్టుతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు. ఈ ప్రాంతంలో అది చాలా ప్రమాదకరమైన అలవాటు. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రులో పరీక్ష కోసం వేసిన ఒక బోరుకు ఇసుక పడితే, అదే ప్లాటు రెండో మూలన మెత్తటి బంకమట్టి తగలొచ్చు. గుంటూరు వైపు నల్లరేగడి. కుంటలు పూడ్చి వేసిన ప్లాట్ల సంగతి సరేసరి.

నల్లరేగడి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మే నెలలో దానిలో గడ్డపార దిగదు. అప్పుడు తీసిన నమూనాను ల్యాబ్‌లో 38 మిల్లీమీటర్ల వ్యాసం, 76 మిల్లీమీటర్ల ఎత్తుతో స్తంభంలా కోసి, చుట్టూ ఏ ఆసరా లేకుండా పైనుంచి నొక్కుతారు. విరిగేటప్పటి ఒత్తిడిలో సగాన్ని ఆ మట్టి బలంగా లెక్కిస్తారు. ఎండిన రేగడికి ఈ అంకె ఘనంగా వస్తుంది. వానాకాలంలో అదే మట్టి నీళ్లు తాగి ఉబ్బాక అందులో ఎంత మిగులుతుందో ఆ కాగితం చెప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది. అలాంటి రోజున పునాది కింద ఉండే మట్టి బలమే లెక్కలోకి రావాలి. అందుకే నమూనాను పూర్తిగా నానబెట్టి ట్రయాక్సియల్ పరీక్ష చేయించాలి. పల్చని రబ్బరు తొడుగులో మట్టిని ఉంచి, చుట్టూ నీటి ఒత్తిడి పెట్టి, పైనుంచి బరువు పెంచుతూ పోతారు. మూడు నమూనాలనైనా వేర్వేరు ఒత్తిళ్ల దగ్గర విరగ్గొడితే మట్టికి అతుకు ఎంత, రాపిడి ఎంత అన్నది విడివిడిగా తేలుతుంది. ఇసుకకు, పెట్టెలో పెట్టి అడ్డంగా జరిపి చూసే డైరెక్ట్ షియర్ పరీక్ష చాలావరకు సరిపోతుంది.

ఉబ్బే గుణం తెలుసుకోవడం మరీ తేలిక. పదేసి గ్రాముల పొడిమట్టిని ఒక గాజు జాడీలో నీళ్లలోనూ, ఇంకో దాంట్లో కిరోసిన్‌లోనూ పోసి ఒక రోజు ఉంచితే చాలు. కిరోసిన్‌లోని మట్టి కంటే నీళ్లలోది ఎంత పొంగిందో కంటికే కనిపిస్తుంది. ఈ చిన్న ఫలితం కూడా లేని రిపోర్టుతో రేగడి నేలలో పునాది తవ్వడం మాకు మింగుడుపడని విషయం. ఉబ్బు ఎక్కువని తేలితే అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున వెడల్పు చేసి లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు) లాంటి దారులున్నాయి. గోడలు నెర్రెలిచ్చాక లోన్ కంతులతో పాటు రిపేర్ల ఖర్చు కూడా కొనుగోలుదారు ఎందుకు మోయాలి?

నమూనా చెడితే ఎంత మంచి ల్యాబ్ అయినా చేసేదేమీ లేదు. పల్చని గొట్టంతో చెదరకుండా తీసి, రెండు చివరలా మైనంతో మూసి, తడి ఆరకముందే చేర్చాలి. గోనె సంచిలో వెళ్లిన మట్టితో దాని రకం తెలుస్తుంది, నేలలో దానికున్న బలం తెలియదు. బోరులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టాన్ని నేలలోకి దించుతూ లెక్కపెట్టే దెబ్బలు ఇసుకకు బాగా పనికొస్తాయి. మెత్తటి బంకమట్టికి ఆ ఒక్క అంకెతో ఎస్‌బీసీ తేల్చేయడం తప్పు.

ప్లాన్ అనుమతి ఇచ్చేటప్పుడు నగరపాలక సంస్థలూ, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) కూడా సాయిల్ రిపోర్టు ఉందో లేదో చూసి ఊరుకోకూడదు. బోర్లు వేసిన చోట్లు, తేదీ, నీటిమట్టం, నానబెట్టి చేసిన పరీక్షల ఫలితాలు, ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల ప్రమాణాలు చూసే జాతీయ సంస్థ) గుర్తింపు అన్నీ చూడాలి. బోరు వేసే రోజు స్ట్రక్చరల్ ఇంజినీరు సైట్‌లో ఉండాలి. ఫైళ్లలో మూలుగుతున్న పాత రిపోర్టులను వార్డుల వారీగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. అవి కొత్త పరీక్షకు బదులు కావు కానీ, ఎక్కడ ఎంత లోతుకు బోరు వేయాలో ఇంజినీర్లకు ముందే తెలుస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే సాయిల్ రిపోర్టు కాపీ అడిగి తీసుకునే హక్కు ఫ్లాటు కొనేవారికి ఉండాలి. వచ్చే వానాకాలం లోపే ఈ నిబంధనలు అమల్లోకి తేవాలి.