ఉద్యోగంలోనే ఉన్నాడు, స్టేషన్‌లో లేడు

మన దగ్గర పోలీసు ఉద్యోగానికి రాజీనామా చేసేవాళ్లు తక్కువే. సర్కారు కొలువు, ఎవరు వదులుకుంటారు? అందుకే అనుభవమున్నవాళ్లు పోతున్నారంటే పైవాళ్లు పెద్దగా పట్టించుకోరు. పోయేవాళ్లు మాత్రం వేరే దారిలో పోతూనే ఉన్నారు. కొత్త కానిస్టేబుల్ బందోబస్తులో చెట్టు కింద నిలబడి ఫోన్‌లో గ్రూప్స్ బిట్లు చదువుకుంటాడు. పదిహేనేళ్ల సర్వీసున్నవాడు లా అండ్ ఆర్డర్ వద్దు బాబోయ్ అంటూ స్టేషన్ ఒత్తిడి లేని లూప్‌లైన్ పోస్టింగ్ కోసం తిరుగుతాడు.

తాళం విరగ్గొట్టిన తీరు చూసి ఇది ఫలానా వాడి పని అని చెప్పే క్రైమ్ కానిస్టేబుల్ ఉంటాడు. పంచనామాలో ఏ మాట తేడా వస్తే కోర్టులో కేసు వీగిపోతుందో తెలిసిన స్టేషన్ రైటర్ ఉంటాడు. వాళ్ల జాగాలో కొత్త బ్యాచ్ కుర్రాడు చేరగానే కాగితం మీద ఖాళీ భర్తీ అయిపోతుంది!

జీతం కంటే టైమే అసలు సమస్య అని నా అభిప్రాయం. దేశంలో పోలీసులు రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారనీ, సగం మందికి వీక్లీ ఆఫే లేదనీ 2019లో వచ్చిన ఒక సర్వే తేల్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ వీక్లీ ఆఫ్ ప్రకటించింది. మంచిదే. కానీ మనుషులు చాలని స్టేషన్‌లో, వీఐపీ పర్యటన ఉన్న వారంలో, ఆ ఆఫ్ ఎవరికి దక్కుతుంది?

2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. నెలల తరబడి ఊరు కాని ఊళ్లో డ్యూటీలు వద్దు, పోలీసు విభాగాలన్నిటినీ ఒకటి చేసే 'ఏక్ పోలీస్' విధానం పెట్టండి అన్నారు. ఆ ఆందోళనల్లో 39 మంది పోలీసులు సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలే పోయాయి. యూనిఫాం వేసుకున్నాక క్రమశిక్షణ ఉండాల్సిందే, కాదనను. అయితే మొగుడు ఇంటికి ఎప్పుడొస్తాడని భార్య అడగడం ఏ రూలుకు విరుద్ధం?

ముంబైలో 2016లో దేవనార్ స్టేషన్ కానిస్టేబుల్ ఒకరు 8 గంటల షిఫ్టుల పట్టిక తనే గీసి కమిషనర్ దత్తా పడ్సల్గీకర్ ముందు పెట్టారు. ఆయన ముందు ఆ స్టేషన్‌లోనే అమలు చేసి చూశారు, తర్వాత మిగతా స్టేషన్లకూ పెంచారు. ఇందులో నాకు నచ్చింది షిఫ్టు కంటే, ఒక కానిస్టేబుల్ మాట కమిషనర్ దాకా వెళ్లడం. మన దగ్గర కానిస్టేబుల్ పైకి ఏం రాసినా ముందు మెమో వస్తుందేమోనన్న భయమే.

స్టేషన్ అధికారి అయిన ఎస్‌హెచ్‌ఓను రెండేళ్లయినా కదపొద్దని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. బదిలీల కోసం ఎమ్మెల్యే ఇచ్చే సిఫార్సు లెటర్ ముందు ఆ తీర్పు నిలవడం లేదు. దాని సంగతి తేలేలోపు, వాడుకోని సెలవులకు డబ్బిచ్చే సరెండర్ లీవు బిల్లులు పెండింగులో పడున్నాయి, అవన్నా పాస్ చేస్తే, పిల్లల ఫీజుల టైముకు నాలుగు డబ్బులు చేతికొస్తాయి.