మిడ్‌సమర్ చూస్తే మనసు రాయి అవుతుందా?

'మిడ్‌సమర్ మర్డర్స్' అనే టీవీ సీరియల్ చూడొద్దని చెప్పే ఒక మెసేజ్ ఈ నెలలో నాకు ఏడుసార్లు వచ్చింది. కాలేజీ గ్రూపులో రెండుసార్లు, ఇక్కడ ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్ల గ్రూపులో మూడుసార్లు, ఒకసారి మా మేనత్త నుంచి, ఒకసారి పాత కొలీగ్ నుంచి. చదివి పక్కన పెట్టేశాను. చివరికి అది మా అమ్మ ఫోన్‌కి కూడా చేరింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

'మిడ్‌సమర్ మర్డర్స్ అనే బ్రిటిష్ సీరియల్ ముప్పై ఏళ్లుగా ఎందుకు ఆడుతోందో తెలుసా?' అని మొదలవుతుంది అది. కింద ఆరు పాయింట్లు. అవన్నీ ఇంగ్లండ్ పల్లెల్లో నిజంగా జరిగిన కేసులట, పిల్లల్ని అక్కడికి చదువుకు పంపేవాళ్లు జాగ్రత్త పడాలట. తెల్లవాళ్లకు రక్తం చూడటం సరదా కాబట్టి చూస్తారట. కథ నత్తనడకట. వయసు మళ్లినవాళ్లు రోజూ హత్యలు చూస్తే మనసు రాయి అయిపోతుందట, నేరబుద్ధి పుడుతుందట, ఇంట్లో శాంతి పోతుందట. పాత హీరో వెళ్లిపోయాక సీరియల్ చచ్చిపోయిందట. ఆఖరిది, అందులో తెల్లవాళ్లు తప్ప వేరేవాళ్లు కనబడరు, మనకెందుకు ఆ గొడవ అని. చివర్లో 'పది మందికి పంపండి' అని దండం బొమ్మ.

మొదటిది చూద్దాం. నిజమైన కేసులా? మిడ్‌సమర్ అనే జిల్లా ఇంగ్లండ్ మ్యాప్‌లో ఎక్కడుందో చూపించండి. కరోలిన్ గ్రాహం రాసిన నవలల నుంచి పుట్టిన ఊళ్లు అవి. మొదటి నవల 1987లో వచ్చింది. ఐటీవీ అనే బ్రిటిష్ ఛానల్లో మొదటి ఎపిసోడ్ 1997 మార్చి 23న వచ్చింది. బార్నబీ అనే పోలీసు డిటెక్టివ్ హీరోగా ఉన్న ఆ నవలలు మొత్తం ఏడే. ఆ తర్వాత వందకు పైగా ఎపిసోడ్ల కథలు రచయితలు కూర్చుని అల్లినవి. షూటింగ్ జరిగేది ఎక్కువగా బకింగ్‌హమ్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఊళ్లలో. సీరియల్‌లో బార్నబీ పనిచేసే కాస్టన్ అనే టౌను అసలు పేరు వాలింగ్‌ఫర్డ్. మేముండే రీడింగ్ నుంచి బస్సెక్కితే చేరిపోవచ్చు. పోయిన వేసవిలో అమ్మను తీసుకెళ్లాను. మార్కెట్ సెంటర్లో బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, నది ఒడ్డున నడిచి వచ్చాం. అన్నట్టు, అగాథా క్రిస్టీ చివరి రోజులు గడిపిన ఇల్లు ఆ ఊరి అంచునే ఉంది. 1976లో ఆవిడ పోయింది కూడా అక్కడే.

ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపి ఆరు కోట్ల జనం. ఇటీవలి ఏళ్లలో ఏడాదికి హత్యలు సుమారు 500 నుంచి 600. అంటే లక్ష మందికి దాదాపు ఒకటి. సీరియల్‌లో ఎపిసోడ్‌కి ఇద్దరు ముగ్గురు పోతారు, అదీ ఒక్క చిన్న జిల్లాలో. కథ కాబట్టి. పిల్లల్ని పంపే అమ్మానాన్నలకు నిజంగా మేలు చేయాలనుంటే ఇక్కడి ఇంటి అద్దెల గురించి రాయండి. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకు మించి పనిచేస్తే ఏమవుతుందో రాయండి. ఆ టెన్షన్ నిజమైనది. పల్లెలో చీజ్ చక్రం మీద పడి చచ్చిపోతారన్న భయం కాదు. చీజ్ చక్రం కింద పడి చనిపోవడం కూడా ఒక ఎపిసోడ్‌లో ఉంది మరి, 2013లో. అది చూసి ఏ పోలీస్ స్టేషన్ రికార్డులోంచి తీశారో అనుకున్నారా ఈ మెసేజ్ రాసినవాళ్లు?

రక్తదాహం మాట. ఈ సీరియల్‌ను తెల్లారేదాకా చూసే దేశాల్లో డెన్మార్క్ ఒకటి. అక్కడ దాని పేరే బార్నబీ మీద ఉంటుంది. అభిమానం ఎంతంటే 2014లో వచ్చిన నూరో ఎపిసోడ్‌లో కథను కోపెన్‌హేగెన్‌కి తీసుకెళ్లి, డేనిష్ నటులతో తీశారు. జర్మనీలో చూస్తారు, ఫ్రాన్స్‌లో చూస్తారు. వీళ్లందరికీ రక్తదాహమేనా? అసలు ఎపిసోడ్ మొత్తంలో రక్తం కనబడేది ఎంతసేపు? మన సినిమాలో ఇంటర్వెల్ ముందు ఫైటులో పారే రక్తంలో పదో వంతు కూడా ఉండదు.

నెమ్మది అన్నారు. అవును, నెమ్మదే. ప్రకటనలు తీసేస్తే గంటన్నర. మొదటి అరగంట ఊరినీ మనుషుల్నీ పరిచయం చేస్తారు. ఎవరు చేశారో మనమే ఊహించుకోవాలంటే ముందు వాళ్లు మనకు తెలియాలి కదా. తొందరున్నవాళ్లు రీల్స్ చూసుకోండి.

ఇప్పుడు నాలుగోది. నాకు కోపం వచ్చింది ఇక్కడ.

మా అమ్మ తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ టీచరుగా ముప్పై రెండేళ్లు పనిచేసింది. నాన్న పోయాక ఏడాదిలో ఆరు నెలలు మా దగ్గర ఉంటోంది. పొద్దున ఎనిమిదింటికి మేమిద్దరం ఉద్యోగాలకి, బాబు స్కూలుకి. చలికాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి. ఇరుగుపొరుగుతో మాట్లాడాలంటే ఆమె ఇంగ్లిష్ వాళ్లకు అర్థం కాదు, వాళ్ల ఇంగ్లిష్ ఆమెకు అర్థం కాదు. ఐటీవీ త్రీలో మధ్యాహ్నం వేసే పాత ఎపిసోడ్లు తనంతట తనే కనిపెట్టింది. ఒకరోజు నేను త్వరగా ఇంటికొచ్చేసరికి కింద అక్షరాలు పెట్టుకుని, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని చూస్తోంది. నోట్‌బుక్‌లో పేర్లు. ఎవరు ఎవరి బావమరిదో, ఎవరి తోట ఎవరి చేతికి పోయిందో బాణం గుర్తులు. "వీళ్లదీ మన ఊరి గొడవేనే, గట్టు తగాదా" అంది. ఆ రోజు నుంచి రాత్రి భోజనాల దగ్గర ఆమె కథ చెప్పడం, మేము హంతకుణ్ణి ఊహించడం. నాన్న పోయాక ఆమె అన్నం తింటూ అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు.

మెసేజ్ వచ్చిన మర్నాటి నుంచి టీవీ పెట్టడం మానేసింది. ఎందుకమ్మా అని అడిగితే, "ఈ వయసులో భగవన్నామం చేసుకోక చావులు చూడటమేంటని అంటున్నారమ్మా, నిజమేనేమో" అంది. మూడు వారాలు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎవరో వస్తారన్నట్టు వీధి చూస్తూ ఉంది. ఆ మెసేజ్ పంపినవాళ్లకు ఈ కుర్చీ కనబడదు. కనబడితే ఏ మొహంతో పంపుతారు?

హత్యలు వింటే మనసు రాయి అవుతుందన్నారు కదా. మన ఊళ్లలో వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్లు. అందులో భీముడు కీచకుణ్ణి ఏం చేశాడు? ఒళ్లంతా ముద్ద చేసి పడేశాడు. పెద్దవాళ్లు కూర్చుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని విన్నారు. సౌప్తికపర్వంలో అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో జొరబడి నిద్రపోతున్న ద్రౌపది కొడుకుల్ని చంపుతాడు. ఇంతకంటే ఘోరం ఏ మిడ్‌సమర్ ఎపిసోడ్‌లోనూ లేదు. అది విన్న మా తాతమ్మకు నేరబుద్ధి పుట్టిందా? ద్రౌపది ఏడుపు దగ్గర ఆమె కూడా ఏడ్చింది. చావు గురించిన కథ వినడం వేరు, చావు అంటే లెక్కలేకపోవడం వేరు. ఈ తేడా తెలియనివాళ్లు పెద్దవాళ్ల మనసుల గురించి సలహాలు ఇస్తున్నారు.

సీరియల్ మొదటి ఎపిసోడ్ ఎలా మొదలవుతుందో చూశారా? చూసి ఉంటే ఆ మెసేజ్ రాసేవాళ్లు కాదు. ఎమిలీ సింప్సన్ అని ఒక పెద్దావిడ. రిటైరైన టీచరు. అడవిలో అరుదైన ఆర్కిడ్ పువ్వు వెతుక్కుంటూ వెళ్లి, చూడకూడనిది చూస్తుంది. ఆ తర్వాత తన ఇంట్లోనే చచ్చిపడి ఉంటుంది. వయసైపోయింది, గుండె ఆగిపోయి ఉంటుంది అని ఊరంతా సర్దుకుంటుంది. ఒక్క మనిషి సర్దుకోదు. ఆమె స్నేహితురాలు లూసీ బెల్‌రింజర్, ఆమె కూడా ముసలావిడే. పోలీసుల దగ్గరికి వచ్చి, ఇది మామూలు చావు కాదు అని పట్టుబడుతుంది. ఇలాంటి పెద్దావిడ మాటకు విలువ ఎవరిస్తారు? బార్నబీ ఇస్తాడు. కూర్చుని వింటాడు. శవాన్ని పరీక్షకు పంపిస్తాడు. విషం బయటపడుతుంది.

నా దృష్టిలో ఈ సీరియల్‌కున్న ఆకర్షణంతా ఇక్కడే ఉంది. ఎనభై దాటిన మనిషి పోతే, 'ఎలాగూ పోయే వయసే' అని ఎవరూ అనుకోకూడదు, ఆమెను ఎవరు చంపారో తేలేదాకా వదలకూడదు. ప్రతి ఎపిసోడ్‌లో ఇదే పని. చర్చి గంటలు కొట్టేవాళ్లు, ఊరి పాటల బృందం, తోటల పోటీ, నాటకాలు వేసే బ్యాచ్, క్రికెట్ టీము: ఎవరికీ పట్టని చిన్న చిన్న లోకాలు. వాటిలో పాతికేళ్ల కిందటి అవమానం, దాచిన బిడ్డ, మార్చిన వీలునామా. బార్నబీ వెళ్లి, తుపాకీ లేకుండా, అరుపుల్లేకుండా, టీ తాగుతూ అడుగుతాడు. పెద్దవాళ్లు చెప్పేది మధ్యలో ఆపడు. పని అయ్యాక ఇంటికెళ్లి, భార్య జాయిస్ చేసిన రుచీపచీ లేని వంట మాట్లాడకుండా తింటాడు. తాగుబోతు కాదు, సంసారం చెడినవాడు కాదు. మా అమ్మ ఎదురుచూసింది ఈ మనిషి కోసం. హత్య కోసం కాదు.

ఒకటి ఒప్పుకుంటాను. చిన్నపిల్లలు చూసేది కాదు ఇది. కొన్ని ఎపిసోడ్లలో చంపే పద్ధతులు మరీ విడ్డూరం. ఒకాయన్ని పచ్చికలో కట్టి పడేసి, వైన్ సీసాలు విసిరి చంపడం ఉంది. నాకది నచ్చలేదు, అమ్మకూ నచ్చలేదు, ఆ ఎపిసోడ్ సగంలో ఆపేశాం. టీవీ ఎప్పుడు ఆపాలో డెబ్బై ఏళ్ల మనిషికి తెలుసు. ఫార్వర్డ్ చేసేవాళ్లు నేర్పక్కర్లేదు.

అయిదోది, పాత హీరో సంగతి. జాన్ నెటిల్స్ 81 ఎపిసోడ్లు చేసి 2011లో తప్పుకున్నారు. ఆయన వేసిన టామ్ బార్నబీ పాత్రకు కజిన్‌గా జాన్ బార్నబీ అనే కొత్త పాత్రలో నీల్ డడ్జన్ వచ్చారు, అప్పటి నుంచి ఆయనే చేస్తున్నారు. చచ్చిపోయిన సీరియల్ ఇన్నేళ్లు నడవదు. మా అమ్మకు కొత్తాయన కంటే వాళ్లింటి కుక్క సైక్స్ ఎక్కువ ఇష్టం, అది వేరే విషయం.

ఇక ఆరోది. దీన్ని ఆఖరికి ఉంచుకున్నది దీనికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి.

అందులో తెల్లవాళ్లు తప్ప వేరేవాళ్లు కనబడరన్నది చాలా ఏళ్లపాటు దాదాపు నిజం. అది అనుకోకుండా జరిగింది కూడా కాదు. 2011 మార్చిలో దాని నిర్మాత బ్రయన్ ట్రూ-మే ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆ మాట తనే చెప్పారు. ఆ సీరియల్ ఇంగ్లిష్‌తనానికి మిగిలిన ఆఖరి కోట లాంటిదని, వేరే జాతులవాళ్లను పెడితే అది ఇంగ్లిష్ పల్లెలా ఉండదని, తనకు అలాగే ఉంచాలనుందని. పెద్ద గొడవ అయింది. కంపెనీ ఆయన్ని సస్పెండ్ చేసింది, తర్వాత ఆయన నిర్మాత బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత మెల్లగా మారింది. 2016 నుంచి కొన్నాళ్లు శవపరీక్షలు చేసే డాక్టరు కామ్ కరిమోర్ పాత్రలో మంజిందర్ విర్క్ కనబడ్డారు.

ఆ డాక్టరు ఉన్న ఎపిసోడ్ మాకు తగిలిన రోజు, అమ్మ చటుక్కున ముందుకు వంగి, "ఈ పిల్ల మన దేశం పిల్లలా ఉందే!" అంది. ఆమె మొహంలో ఆ సంతోషం చూశాకే నాకు తట్టింది. అంతకుముందు చూసిన పదుల ఎపిసోడ్లలో అలాంటి ముఖం ఒక్కటైనా ఉందా అని నేను వెతకను కూడా లేదు. రీడింగ్‌లో మా వీధిలోనే నాలుగు తెలుగు కుటుంబాలున్నాయి. వాలింగ్‌ఫర్డ్‌లో మేము పులిహోర తిన్న సెంటర్‌ను టీవీలో ఎన్నోసార్లు చూశాను. మాలాంటివాళ్లు అక్కడ కూర్చుని ఉండటం చూసిన గుర్తు లేదు. నాకిష్టమైన ఊరిని మమ్మల్ని బయట పెట్టి కట్టారు. ఇన్నేళ్లు అది గమనించకుండానే ఇష్టపడ్డాను. మెసేజ్ రాసినవాళ్లు ఇది సరిగ్గానే పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నాను.

'మనకెందుకు' అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఈ వ్యాసంలో సగం అమ్మకు చదివి వినిపించాను. విరాటపర్వం దగ్గర నవ్వింది. "కీచకుడి సంగతి బాగా గుర్తుచేశావే" అంది.

నిన్న మధ్యాహ్నం నోట్‌బుక్ మళ్లీ బయటికి తీసింది. సాయంత్రం వచ్చి చూస్తే కొత్త పేజీలో తొమ్మిది పేర్లున్నాయి. రెండు పేర్ల మధ్య గీత గీసి 'పొలం' అని రాసింది. చర్చి ఫాదర్ పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.