మెడికల్ షాపు కత్తెర గారికి

కత్తెర గారూ, నమస్కారం.

నిన్న మధ్యాహ్నం మీ పుణ్యాన రెండు గంటలు తగలబడ్డాయి, అందుకే రాస్తున్నాను.

నిద్రకీ టెన్షన్‌కీ కొన్ని నెలలుగా రాత్రిపూట ఆల్ప్రాజోలామ్ 0.5 ఎమ్‌జీ మాత్ర వేసుకుంటున్నాను. మెల్లగా తగ్గిద్దామని డాక్టరు గారు ఇప్పుడు 0.25 రాశారు. పాతవి నాలుగు మిగిలాయి, కొత్తవి ఆరు తెచ్చి అదే డబ్బాలో పడేశాను. అది నా బుద్ధితక్కువే, ఒప్పుకుంటాను. కానీ మొన్న రాత్రి తీసి చూస్తే ఒక ముక్క మీద 'ఆల్ప్రా', ఇంకోదాని మీద 'లామ్ టాబ్లె'. ఎంత ఎమ్‌జీయో లేదు, ఎక్స్‌పైరీ లేదు. అంత రేకులో సరిగ్గా అక్కడే ఎలా కొరుకుతారండీ తమరు?

మద్దిలపాలెం నుంచి ఆ ఉక్కపోతలో జగదాంబ దాకా పోయి చూపిస్తే కౌంటర్లో కుర్రాడు "రెండూ ఒకటేనండి, వేసేసుకోండి" అన్నాడు. ఒకటెలా అవుతాయయ్యా? ఒకటి రెండోదానికి సగం! తగ్గించాననుకుని పాతదే మింగుతూ కూర్చుంటే ఆ తగ్గించడం ఎవరికోసం? బిల్లులో చూద్దామంటే ఆ రోజు ప్రింటర్ పనిచేయలేదట.

ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోది. 2014 మార్చి నుంచి దీనికి వేరే రిజిస్టరు పెట్టి, రాసిన డాక్టరు పేరు, నా పేరు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్లు దాచాలి. రిజిస్టర్లో నా పేరు మూడేళ్లు భద్రం, నా చేతిలో మందు పేరు మాత్రం సగమే! ఎర్ర గీతల మధ్య వేసిన హెచ్చరిక కూడా మీ కడుపులోకే పోయింది.

ఇంట్లోవాళ్లు చాలరా నాకు? "రేపట్నుంచి మానెయ్‌రా" అంటాడు మా బావ, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని చెప్పినా వినడు, పైగా ఆదివారం గ్లాసు నా ముందుకే తోస్తాడు. పక్కింటి పిన్ని గారేమో "నిద్ర పట్టట్లేదు బాబూ, ఒకటియ్యి" అంటారు.

అయినా మీరు లేకపోతే ఆరు కావాలంటే పదీ అంటగట్టేవాళ్లు, ఇలాంటి మందు ఇంట్లో ఎంత తక్కువుంటే అంత మంచిది. అది మాత్రం మీ మేలే.

ఆ పది మాత్రలూ కౌంటర్ మీదే వదిలేసి, చీటీ చూపించి మళ్లీ ఆరు అడిగాను. కుర్రాడు మిమ్మల్ని తీశాడు. "బాబూ, పేరూ డేటూ ఉన్న వైపు నాకియ్యి" అన్నాను.

"అందరూ అదే అడిగితే మిగతా ముక్క ఎవరికమ్మాలండీ?" అన్నాడు.